లైను బాగానే ఉందట

బస్టాండు వెనక వీధి,
మేడ మీద గది
జనవరి 8

వదినగారికి నమస్కారాలు.

నాలుగేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుగా రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఉన్నది నేనొక్కణ్ణే. క్షేమంగానే ఉన్నాను.

ఒక పని పడి రాస్తున్నాను. అన్నయ్య పోయాక మీరు ఊరు విడిచి వెళ్తూ ఆయన కంప్యూటరును ఆటోలో నా గదికి పంపించారు. అప్పటి నుంచీ దుప్పటి కప్పి ఉంచాను. మంచం పక్కన బల్లకు బల్లగా పనికొచ్చింది. పోయిన నెల దుప్పటి తీసి ఆన్ చేస్తే చాలాసేపు గురగురలాడి, నీలం తెర చూపించి ఆగిపోయింది. రిపేరు షాపుకు మోసుకెళ్లాను. అతను లోపలున్నవన్నీ ఒక పక్కన దాచి, సిస్టం కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. మీ స్కూలు ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి, ఏవీ పోలేదు. ఇప్పుడు తెర వెలుగుతోంది. ఇంటర్నెట్ మాత్రం రావడం లేదు.

దాని కోసం కొత్తగా లైను పెట్టించాను. మోడెం అనే డబ్బా ఒకటి గోడకు బిగించి వెళ్లారు. దాని మీద మూడు పచ్చ దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. ఫిర్యాదు రాసిస్తే కంపెనీ మనిషి వచ్చి చూసి, “లైను బాగానే ఉందండీ, తప్పంతా మీ కంప్యూటర్లో ఉంది” అన్నాడు. షాపతనేమో, “కంప్యూటర్ బంగారంలా ఉంది, తప్పు లైనులో ఉంది” అంటాడు. వాళ్లిద్దరి మధ్య నేను బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియని ప్రయాణికుడిలా తిరుగుతున్నాను. ముప్ఫై ఏళ్లు బస్టాండు మైకులో ఊరందరికీ ప్లాట్‌ఫారం నంబర్లు చెప్పినవాడికి పట్టిన గతి ఇది.

ఇరవై రెండేళ్లు పిల్లలకు కంప్యూటరు నేర్పారు మీరు. ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తారా? ఫోన్ చేయొచ్చుగా అంటారేమో, నా ఫోన్ సరిగా పనిచేయడం లేదు. పైగా ఉత్తరమైతే ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకోవచ్చు. మీ అడ్రసు మీ పాత స్కూలు ఆఫీసులో తీసుకున్నాను.

మీ మరిది

*

పిల్లల క్లినిక్, ముందు గది
జనవరి 19

మైకు మరిదికి ఆశీస్సులు.

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు గుండె ఆగినంత పనైంది. తెరిస్తే కంప్యూటరు గొడవ. నాలుగేళ్లకు గుర్తొచ్చానన్నమాట, అదీ డబ్బా మొరాయిస్తే. పోనీలే, అలాగైనా గుర్తొచ్చాను.

నేనిక్కడ మా చెల్లెలి వాళ్లింట్లో ఉంటున్నాను. ఇంటినిండా మనుషులు, క్షణం తీరిక ఉండదు. కాలక్షేపానికి ఈ క్లినిక్‌లో కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. ఇంటికి వచ్చే ఉత్తరాలు ఆ సందడిలో ఎక్కడ పడతాయో ఎవరికీ తెలియదు. నువ్వు ఈ అడ్రసుకే రాస్తూ ఉండు.

ఇక పాఠం. నీ షాపతను చేసిన నిర్వాకం నాకు ఇక్కణ్ణుంచే కనబడుతోంది. సిస్టం ఎక్కించాడు, డ్రైవర్లు ఎక్కించలేదు. కంప్యూటర్లో ఒక్కో పనికి ఒక్కో కార్డు ఉంటుంది: బొమ్మకొకటి, శబ్దానికొకటి, ఇంటర్నెట్ తీగకొకటి. ఆ కార్డును ఎలా నడపాలో సిస్టానికి చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. నీ భాషలో చెప్పాలంటే డిపోలో బస్సు ఉంది, నడిపే మనిషి లేడు. పాపం కంపెనీవాడిది తప్పు లేదు, నీ షాపతనిది సగమే తప్పు.

తెర మీద కంప్యూటర్ బొమ్మ ఉంటుంది. మౌసు కుడి బటన్ దాని మీద నొక్కితే మేనేజ్ అని వస్తుంది. అందులో డివైస్ మేనేజర్. పెద్ద జాబితా తెరుచుకుంటుంది. ఎక్కడెక్కడ పసుపు గుర్తు ఉందో చూసి, పక్కన ఏం రాసుందో నాకు రాయి. ఆ పసుపు గుర్తు మీద రెండుసార్లు నొక్కితే డీటెయిల్స్ అన్న చోట పొడుగాటి కోడ్ ఒకటి కనబడుతుంది. వెన్ అన్న అక్షరాల తర్వాత నాలుగు, డెవ్ అన్న అక్షరాల తర్వాత నాలుగు. అవి తప్పు లేకుండా ఎత్తి రాయి. కార్డును ఎవరు చేశారో, ఏ రకమో అందులో ఉంటుంది.

తమాషా ఏమిటంటే డ్రైవర్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. కోడ్ తెలిస్తే నేనిక్కడ వెతికి సీడీ చేసి పంపిస్తాను.

ఇదంతా ఫోన్లో అయితే పది నిమిషాల పని. నీ ఫోన్ బాగుచేయించుకో. నీ గొంతు విని కూడా చాలా కాలమైంది.

వదిన

*

మేడ మీద గది
జనవరి 28

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం తెరకు ఆనించి పెట్టి, మీరు చెప్పినట్టే చేశాను. జాబితా తెరుచుకుంది. పసుపు గుర్తులు మూడు. ఒకటి ఈథర్నెట్ కంట్రోలర్, ఒకటి వీడియో, ఒకటి ఆడియో. అంటే మూడు బస్సులకీ మనుషులు లేరు. మా డిపోలో ఒక పెళ్లిళ్ల కాలంలో ఇలాగే అయింది. ఏడుగురు డ్రైవర్లు ఒకే రోజు సెలవు పెట్టారు. జనం నా మైకు గది కిటికీ పట్టుకుని ఊపేశారు. ఆ రోజు నేను లోపలి నుంచి, “బస్సులు ఉన్నవి, డ్రైవర్లు రావలసి ఉన్నది, దయచేసి కిటికీని వదలండి” అని అనౌన్స్ చేశాను. అన్నయ్య ఆ మాట ఏడాదిపాటు చెప్పుకుని నవ్వాడు.

ఈథర్నెట్ కోడ్ వెనక కాగితం మీద రాశాను. వీడియోది కూడా రాశాను. ఆడియోది రాయలేదు, అది నాకు అవసరం లేదు.

నేనిప్పుడు సెలవులో ఉన్నాను. మైకు గదిలో కొత్తమ్మాయి కూర్చుంటోంది. మేడ మీదికి బాగా వినబడుతుంది. గొంతు మంచిదే, ఊరి పేరుకీ నంబరుకీ మధ్య ఊపిరి తీసుకుంటుంది. అది తప్పు. నంబరు చెప్పాకే తీసుకోవాలి. ఎవరైనా ఆ పిల్లకు చెబితే బాగుండు.

మీ చెల్లెలిగారి ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పండి.

మీ మరిది

*

క్లినిక్
ఫిబ్రవరి 8

మరిదికి,

ఈథర్నెట్ కోడ్ తప్పు రాశావు. మూడో చోట ఓ అని అక్షరం వేశావు. ఆ కోడ్‌లో అంకెలు కాకుండా ఏ నుంచి ఎఫ్ దాకానే అక్షరాలుంటాయి, ఓ ఉండనే ఉండదు. అది సున్నా అయుండాలి. చివరిది కూడా బీయో ఎనిమిదో నీ రాతలో తేలడం లేదు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూడు. ఒక్క అక్షరం తేడా వస్తే వేరే కార్డు డ్రైవర్ వస్తుంది, పని మొదటికొస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి. ఈ బీ, ఎనిమిదీ అడుగుదామని పోయిన ఆదివారం నీకు ఫోన్ చేశాను. అంతకుముందు రెండు ఆదివారాలు కూడా చేశాను. మోగుతోంది. ఎత్తుతున్నారు కూడా. హలో హలో అని నేను అరుస్తూనే ఉన్నాను, అటువైపు ఎవరో ఉన్నట్టు తెలుస్తూనే ఉంది, ఆ తర్వాత పెట్టేశారు. మూడుసార్లూ అంతే. ఫోన్ పాడైతే మోగదు కదా. పోనీ ఒక మెసేజ్ అయినా పెట్టలేదు నువ్వు.

ఆడియో అవసరం లేదని నువ్వు రాయడం నాకు వింతగా ఉంది. స్నానాల గదిలో కూడా అనౌన్స్‌మెంట్లు చేసే మనిషివి. మీ అన్నయ్య నీకు ఊరికే పెట్టాడా మైకు అని పేరు?

నా మీద ఏదైనా మనసులో ఉంటే ఉత్తరంలో అయినా రాయి.

వదిన

*

మేడ మీద గది
ఫిబ్రవరి 15

వదినగారికి,

అది సున్నానే. చివరిది బీ. వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జతచేశాను.

నా ఫోన్ బటన్లది, అందులో తెలుగు రాదు. మీ మీద నాకేమీ లేదు. సీడీ వీలైనంత త్వరగా పంపితే మేలు చేసినవారవుతారు. బుధవారాలు ఒక పని ఉంది, ఇంటర్నెట్ లేక తప్పిపోతోంది.

మీ మరిది

*

క్లినిక్
ఫిబ్రవరి 26

మరిదికి,

సీడీ దీనితో పంపుతున్నాను. అట్టముక్కల మధ్య పెట్టాను, విరగకుండా తీయి. నెట్ అన్న ఫోల్డర్ తెరిచి సెటప్ మీద నొక్కు. పూర్తయ్యాక ఆపి ఆన్ చెయ్యి. పసుపు గుర్తు పోవాలి. పోయినా ఇంటర్నెట్ రాకపోతే నెట్‌వర్క్ వివరాల్లో అడ్రసు చూడు. అది 169.254 అని మొదలైతే మోడెంకీ కంప్యూటర్‌కీ మధ్య పలకరింపు లేదని అర్థం. తీగ పాతదై ఉంటుంది, మార్చు. రెండు వైపులా టిక్కుమనేదాకా గుచ్చు. వీడియో డ్రైవర్ రెండో ఫోల్డర్లో ఉంది.

కంప్యూటరు సంగతి అయిపోయింది. ఇక నువ్వు నాకు రాయాల్సిన పని లేదు కాబట్టి నేనే ఒక మాట రాసి ముగిస్తాను.

‘మీ మీద నాకేమీ లేదు’ అన్నావు. నాకుంది. మీ అన్నయ్య పోయిన పదిహేను రోజులకు మనమిద్దరం పెన్షన్ ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా నీ వైపు చూపించి, “ఈయన మీకేమవుతారమ్మా?” అని అడిగాడు. మా ఆయన తమ్ముడన్నాను. “మీ ఆయన లేరు కదా, ఇప్పుడు ఈయన మీకేమవుతారు?” అన్నాడు. సాక్షి సంతకానికి బంధువు కానివాళ్లు కావాలట, అందుకు అడిగాడు. చెడ్డవాడేం కాదు. నేను నీ వైపు చూశాను. నువ్వు చెప్పుల వైపు చూసుకున్నావు. అతను ‘బంధుత్వం లేదు’ అని గళ్లలో రాసి నీ చేత సంతకం పెట్టించాడు. మనం బయటికొచ్చి టీ తాగి ఎవరి దారిన వాళ్లం వెళ్లాం. ఆ తర్వాత పది రోజులకు నేను ఊరు విడిచాను.

బస్టాండంతా మోగే గొంతు పెట్టుకుని ఆ రోజు ఒక్క మాట అనలేకపోయావు. ఇప్పుడు ఫోన్ ఎత్తి కూడా అనలేకపోతున్నావు. అది రాయాలనిపించింది, రాశాను.

వదిన

*

మేడ మీద గది
మార్చి 9

వదినగారికి,

సీడీ అందింది. డ్రైవర్ ఎక్కింది. పసుపు గుర్తు పోయింది. ముందు ఈ మూడు ముక్కలూ రాస్తున్నాను, మీరు పడిన శ్రమ వృథా కాలేదని తెలియాలి కాబట్టి.

మిగతాది రాయడానికి ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

నాకు గొంతు లేదు వదినా.

నిరుడు ఏప్రిల్లో బొంగురు మొదలైంది. మైకు ముందు కూర్చునేవాడికి బొంగురు మామూలే అనుకున్నాను. మిరియాలు నమిలాను, వేడి నీళ్లు తాగాను. జూలైలో డాక్టర్లు లోపలికి గొట్టం వేసి చూసి, స్వరపేటికలో కణితి ఉందన్నారు. ఆగస్టులో స్వరపేటిక మొత్తం తీసేశారు. జబ్బు పూర్తిగా పోయిందనే అంటున్నారు, మూణ్ణెల్లకోసారి చూస్తున్నారు. మెడ కింద ఒక రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచే. దాని మీద పలచటి గుడ్డ కట్టుకుంటాను. ముక్కుకు వాసనలు తెలియడం లేదు. మొన్న పాలు మాడి గదంతా పొగ అయ్యేదాకా తెలుసుకోలేదు. సెలవు అని మీకు రాశాను, అది సెలవు కాదు, పదవీ విరమణ ఇచ్చి పంపేశారు. ఆపరేషన్ కాగితం మీద నా తరఫున ఎవరు సంతకం పెడతారని అడిగితే డిపో మేనేజరు వచ్చి పెట్టాడు.

మూడు ఆదివారాలూ ఫోన్ ఎత్తింది నేనే. పేరు చూసి ఎత్తకుండా ఉండలేకపోయాను. మీరు హలో హలో అంటుంటే వింటూ కూర్చున్నాను. మెడలోంచి వచ్చే ఊపిరి చప్పుడు మీకు వినబడి భయపడతారేమోనని పెట్టేశాను. మూడో ఆదివారం ఎనిమిదిసార్లు హలో అన్నారు. లెక్కపెట్టాను.

పెన్షన్ ఆఫీసు సంగతి. అప్పుడు నాకు గొంతుంది. కాబట్టి ఈ జబ్బును అడ్డం పెట్టుకోను. గుమాస్తా అడిగింది మిమ్మల్ని, చెప్పాల్సింది మీరు అనుకున్నాను. మీరు ఏమంటారో వినాలనుకున్నాను. మీరు నా వైపు చూశారు, నాకేం తోచలేదు. మైకు గదిలో ఎవరో రాసిచ్చిన కాగితం చూసి చదివేవాణ్ణి వదినా. చేతిలో కాగితం లేనప్పుడు నేనేదీ సరిగా చెప్పింది లేదు.

బంధువులెవరికీ చెప్పలేదు. జనం నాకు గొంతుతో పాటు చెవులు కూడా పోయాయనుకుని గట్టిగా అరిచి మాట్లాడుతున్నారు. నాకు జాలి చూపులు పడవు. చీటీలు రాసిచ్చి కూరగాయలు తెచ్చుకుంటున్నాను. ఆస్పత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఉంది. గొంతుకు ఆనించుకునే యంత్రం ఒకటి ఇచ్చి చూసింది, ఆ మోత నాకు నచ్చలేదు. ఇంకో మార్గం ఉందట, గాలిని అన్నవాహికలోకి మింగి, తేన్పులా వెనక్కి వదులుతూ మాట పలకడం. నాలాంటివాళ్లు కొందరు బుధవారం నాలుగింటికి కంప్యూటర్లో కలుసుకుని ఒకరికొకరు నేర్పుకుంటారట. ఇంటర్నెట్ సెంటర్లో నలుగురి మధ్య కూర్చుని తేన్చలేను. అందుకే దుప్పటి తీశాను.

తీగ మార్చాను, 169 పోయి సరైన అడ్రసు వచ్చింది. కానీ ఏ పేజీ తెరిచినా ‘ఈ సైటు సురక్షితం కాదు’ అంటోంది. కింద మూలన తేదీ చూస్తే ఎప్పుడో పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటి. సరిచేస్తే ఆ పూటకు ఉంటుంది, ఆపి ఆన్ చేస్తే మళ్లీ ఆ జనవరికే పోతుంది. దీనికి మందేమిటో మీరు రాయకపోయినా నేనేమీ అనుకోను.

మీ మరిది

*

క్లినిక్
మార్చి 16

మరిదీ,

ఏం రాయాలో తోచక ముందు బ్యాటరీ సంగతి రాస్తున్నాను. కంప్యూటర్ డబ్బా పక్కరేకు విప్పితే పెద్ద పచ్చ పలక ఉంటుంది. దానిలో గుండ్రంగా బొత్తాంలాంటి బ్యాటరీ ఉంటుంది. కరెంటు తీగ పీకేశాకే ముట్టుకో. పక్కనున్న చిన్న కొక్కెం నొక్కితే పైకి లేస్తుంది. అలాంటిదే గడియారాల షాపులో దొరుకుతుంది. రాత ఉన్నవైపు పైకి పెట్టి అదుము. అది చచ్చిపోబట్టే కంప్యూటరు తేదీ మరిచిపోతోంది. తేదీ తప్పుంటే సైట్లు నమ్మవు, అంతే. పెద్ద రోగమేం కాదు.

ఈ చివరి మాట రాసి పెన్ను పక్కన పెట్టేశాను. మళ్లీ ఇవాళ తీశాను.

పోయిన ఉత్తరంలో నీ గొంతు గురించి రాసింది వెనక్కి తీసుకునే వీలుంటే ఆ పోస్టుడబ్బా పగలగొట్టి తీసుకునేదాన్ని. నాకు తెలియక అన్నానని నీకూ తెలుసు. అయినా పొద్దున్నే లేవగానే అదే గుర్తొస్తోంది.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. చెల్లెలి ఇంట్లో నేను లేను. వెళ్లిన మాట నిజమే, రెండు నెలలున్నాను. వాళ్లు మంచివాళ్లే. నేను గదిలోకి రాగానే నవ్వు ఆపేసేవాళ్లు, నాకు బాధ కలుగుతుందని. అది భరించలేక ఈ క్లినిక్‌లో ఉద్యోగం వెతుక్కుని, కుట్టు దుకాణం పైన గది తీసుకున్నాను. ఒక కిటికీ, అందులోంచి పక్కింటి నీళ్ల ట్యాంకు. కింద కుట్టుమిషన్లు ఆరింటికి ఆగిపోతాయి. ఆ తర్వాత గదిలో మోగేది నా గిన్నెలే. పొద్దుట్నుంచీ నా నోట వచ్చే మాటలు టోకెన్ నంబర్లు. ‘పద్నాలుగు రండి, పదిహేను కూర్చోండి.’ ఇంటినిండా మనుషులని నీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. నువ్వు అక్కడ హాయిగా ఉన్నావనుకున్నాను, నేను కూడా ఉన్నాననిపించుకోవాలనుకున్నాను.

బీయా ఎనిమిదా అని అడగడానికి ఫోన్ చేశానన్నది కూడా పూర్తిగా నిజం కాదు. మొదటి రెండుసార్లు చేసినప్పుడు నీ కోడ్ నాకింకా అందనే లేదు.

సంతకం పెట్టడానికి డిపో మేనేజరును పిలిచావు. నిన్ను తప్పుపట్టడానికి నాకు మొహం లేదు. నాలుగేళ్లు నేనూ ఒక్క ముక్క రాయలేదు.

వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాను.

వదిన

*

మేడ మీద గది
మార్చి 30

వదినగారికి,

బ్యాటరీ పెట్టాను. మొదట తిరగేసి పెట్టాను, తర్వాత సరిచేశాను. రెండు రోజుల్నుంచి ఆపి ఆన్ చేసి చూస్తున్నాను, తేదీ నిలబడింది. పేజీలన్నీ తెరుచుకుంటున్నాయి. కింద రాసిన అడ్రసుకు ఇక మెయిల్ పెట్టొచ్చు.

బుధవారం నాలుగింటికి గుంపులో చేరాను. ఏడుగురున్నారు. ఒక వడ్రంగి, ఒక లెక్కల పంతులు, బట్టల షాపు ఆవిడ ఒకరు, మిగతావాళ్లు నాకింకా గుర్తుండలేదు. వాళ్లు మాట్లాడుకున్నారు, నాకు పెదవులు కదలడమే కనిపించింది. ఆడియో డ్రైవర్ లేదు కదా. వడ్రంగి ఏదో అన్నాడు, మిగతా ఆరుగురూ చప్పట్లు కొట్టారు. టైపు చేసి అడిగితే, పదకొండు నెలలకు అతను తన కూతురి పేరు పలికాడని రాశారు. అంత పెద్ద సంగతి జరిగితే నేను అద్దం బయట నిలబడి చూసినట్టయింది. ఆడియోది నాకు అవసరం లేదని గొప్పగా రాశాను. అవసరమే వదినా, దాని సంగతి కూడా చెప్పండి.

మీరు రావద్దు. కోపం తెచ్చుకోకండి. గడ్డం గీసుకునేటప్పుడు నేనింకా అద్దంలో మెడ దాకా చూసుకోవడం లేదు. నేను చూసుకోగలిగాక మీరు చూద్దురుగాని. ఆ కుట్టు దుకాణం పైన గదిలో మీరు ఒక్కరూ ఉన్నారని తెలిశాక నాకూ ఇక్కడ కాలు నిలవడం లేదు, కానీ ఇప్పుడే వద్దు.

మీ మరిది

*

కుట్టు దుకాణం పైన గది
ఏప్రిల్ 9

మరిదికి,

నువ్వు వద్దన్నావు కాబట్టి రాను. పెట్టె సర్దుకుని మళ్లీ విప్పాను, అది కూడా తెలుసుకో.

ఇప్పుడు నీకు ఇంటర్నెట్ ఉంది, డ్రైవర్ నువ్వే తెచ్చుకోగలవు. ఎలాగో మెయిల్లో రాశాను. ఎక్కాక కింద మూలన స్పీకర్ బొమ్మ వస్తుంది. మైకు రంధ్రం గులాబీ రంగులో ఉంటుంది, స్పీకర్ది ఆకుపచ్చ. తారుమారు చేయకు, పిల్లలంతా అదే తప్పు చేస్తారు.

క్లినిక్ డాక్టరు నాకు తాళం ఇచ్చాడు. ఆదివారాలు అక్కడే కంప్యూటరు ముందు ఉంటాను. ఖాళీ కుర్చీలు, గోడ మీద బరువు చూసే పట్టిక, నేను. నువ్వు టైపు చేస్తే నేను చదువుతాను. దగ్గినా వింటాను.

వదిన

*

మేడ మీద గది
జూన్ 21

పైన ఎవరికి రాస్తున్నానో వేయలేదు. మరిచిపోయి కాదు.

రోజూ మెయిళ్లు రాసుకుంటూ మధ్యలో ఈ ఉత్తరమేమిటని అనుకుంటారు. మెయిల్ అయితే పావుగంటలో మీ జవాబు వచ్చేస్తుంది. ఈ సంగతికి అంత తొందరగా జవాబు వస్తే నేను తట్టుకోలేను.

ఆదివారాలు మీరు మైకులో చెప్పేవన్నీ వింటున్నాను. కుట్టు దుకాణం ఆవిడ పిల్లి సంగతి, టోకెన్ కోసం కొట్టుకున్న తండ్రుల సంగతి. నేను మాత్రం టైపు చేస్తున్నాను. మీరెప్పుడూ తొందరపెట్టలేదు. ఒక్కసారే, “ఏదైనా పలుకుతోందా?” అని అడిగారు. లేదని రాశాను. అప్పటికి లేదు.

గాలి లోపలికి పోవాలంటే పెదవులో నాలుకో గట్టిగా మూసి ఠక్కున తెరవాలి. అందుకని క, ట, ప ముందు వస్తాయి. కప్పు, పాట, తట్ట. బడికి వెళ్లే పిల్లాడిలా గోడకు కాగితం అంటించుకుని రోజుకు గంటసేపు అంటున్నాను. ‘వదిన’ అని రెండు నెలలు ప్రయత్నించాను. వ దగ్గరే గాలి జారిపోతుంది, మిగిలిన రెండక్షరాలకూ ఏమీ ఉండదు. డాక్టరమ్మ, “ఇంకో ఏడాది పట్టొచ్చు, అంతదాకా ఆవిణ్ణి వేరే ఏదైనా పిలవండి” అంది. ఏం పిలవను? నాకు వేరే పిలుపు లేదు కదా అని చీటీ రాసిచ్చాను.

శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. అద్దంలో మెడ చూసుకుంటూనే గీసుకున్నాను. కప్పు, అట్ట, పక్క అనుకుంటూ పోతుంటే మధ్యలో ఒకటి వచ్చింది. కాగితం మీద లేనిది. అక్క. కత్తి పక్కన పెట్టి మళ్లీ అన్నాను. మళ్లీ వచ్చింది. సబ్బు నురగ ఎండిపోయేదాకా అంటూనే ఉన్నాను. మా ఇంట్లో మేమిద్దరం మగపిల్లలమే, ఈ వయసు దాకా ఆ మాట ఎవరినీ అనే అవసరం పడలేదు.

అన్నయ్య ఉండబట్టి నాకు వదిన ఉంది. ఇది ఎవరి వల్లా వచ్చింది కాదు. నాకు మిగిలిన గాలితో నేను అనగలిగింది.

అక్కను ఎవరూ మీరు అనరు. ఇక్కడి నుంచి మార్చి రాస్తున్నాను.

ఈ ఉత్తరం నీకు గురువారానికల్లా అందుతుంది. ఆదివారం పదకొండింటికి నేను కంప్యూటరులో పిలుస్తాను. నీకు ఇష్టం లేకపోతే ఆ వేళకు అటువైపు ఆపేసి ఉంచు. నేనేమీ అనుకోను, సాయంత్రం ఎప్పటిలాగే వదినగారూ అని మెయిల్ రాస్తాను. ఇష్టమైతే తెరిచి ఉంచు. స్పీకర్ సౌండు కొంచెం పెంచుకో. వినసొంపుగా ఏం ఉండదు, తడిసిన తలుపు నేలకు రాచుకున్నట్టు ఉంటుంది. వచ్చేది ఒక్క మాటే. అది అన్నాక గాలి కూడదీసుకోవడానికి నాకు కాస్త సమయం పడుతుంది. రెండోసారి అనేదాకా ఆగు.

తమ్ముడు